ఈడ్పు అడుగు

ఆ ఏడు ఎండలు ముదరకముందే మా ఇటుక బట్టీకి పాటవాళ్ళు వచ్చారు. సినిమా కాదు, ఒక్క పాట. ఆ ఒక్క పాటకి లారీడు సామాను దించారు. వాళ్ళకు కావలసింది మా ఎర్రదుమ్ము, వెనకాల పొగ. రోజూ మేం ఊరికే పీలుస్తున్నవే కాబట్టి వాళ్ళు ఊరికే తీసుకెళితే మాకేం పోయిందనుకున్నాం. పాడే కుర్రాడు గొడుగు కింద కూర్చుని మొహాన పూసిన దుమ్ము చెరగకుండా చూసుకుంటున్నాడు. చుట్టూ అంత దుమ్ము ఉంటే వాడికి పూసింది మాత్రం డబ్బాలోంచి తీసిన దుమ్ము.

నేను అచ్చులు పోసేవాణ్ణి. మా అక్క మట్టి తొక్కేది. మగడు పోయాక మా ఇంటికే వచ్చేసింది. నానేసిన మట్టి గుంటలో దిగి, అంచు నుంచి నడిమికి చుట్లు తిరుగుతూ తొక్కాలి. తొక్కడమంటే గంతులెయ్యడం కాదు. మడమ దింపి, దింపినచోటే కొంచెం తిప్పాలి. అరికాలికి రాయి తగిలితే వంగి తీసి, భుజం మీదుగా వెనక్కి, గుంట బయటికి విసిరెయ్యాలి. సున్నపురాయి ముక్క ఒక్కటి ఉండిపోయినా, కాల్చిన ఇటుక మీద చినుకు పడగానే పిగిలిపోతుంది. మా అక్క చేసేది మొత్తం అంతే. కాకపోతే ఆమె ఎడమకాలు ఎత్తితే లేవదు. తుంటి దగ్గర్నుంచి ఈడ్చుకోవాలి. ఒకప్పుడు ఇటుకలు మోస్తూ బట్టీ పైకి ఎక్కుతుంటే ఎక్కుడుపలక విరిగి పడింది. అప్పట్నుంచి మోతపని మానేసి తొక్కుడుపనికి వచ్చింది.

పాటవాళ్ళలో డాన్సు మాస్టరు ఒకాయన ఉన్నాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. అందరూ కెమెరాల చుట్టూ మూగితే ఆయన మాత్రం మట్టిగుంట గట్టు మీద గొంతుక్కూర్చుని మా అక్కని చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపటికి నోరు తెరిచాడు.

"అమ్మా, మీరు చేసేది నాక్కూడా నేర్పుతారా?"

అక్క నావంక చూసింది. ఆమె గుంటలో దిగిన నాటి నుంచి ఇంకా తొక్కమన్నవాళ్ళు, త్వరగా తొక్కమన్నవాళ్ళు ఉన్నారు గానీ, ఎలా తొక్కుతావని అడిగినవాడు లేడు.

"చెప్పులు విప్పు బాబూ," అంది.

ఆయన పంట్లాం మోకాళ్ళ పైకి మడిచి దిగాడు. అక్క చెయ్యి పట్టుకుని నేర్పింది. మడమ ఎలా దింపాలో, ఎక్కడ తిప్పాలో, రాయి తగిలితే వేలితో కాకుండా కాలితోనే ఎలా పసిగట్టాలో అన్నీ చెప్పింది. "అరికాలు వినాలి బాబూ. ఊరికే దబదబా తొక్కావంటే అది చెవిటిదైపోతుంది," అంది. ఆయన తలూపుతూ లోపల్లోపల లెక్కపెట్టుకుంటున్నాడు. తర్వాత గట్టెక్కి, ఆమె పని ఆమెను చేసుకోమని, పక్కనుంచి, వెనకనుంచి ఫోనులో తీసుకున్నాడు. వెళ్ళేటప్పుడు చేతులెత్తి దండం పెట్టాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ నవ్వింది. "ఆయనకి మట్టి తొక్కే కర్మేంటి వదినా?"

"ఏమో, ముచ్చటపడ్డాడు. పనిమంతుడే. రాయి పట్టడం ఇంకా రాలేదు గానీ, వస్తుంది," అంది అక్క. ఆ పూట ఆమె కాళ్ళు కడుక్కుంటూ కూడా ఏదో గొణుక్కుంటూనే ఉంది. సంతోషంగా ఉంటే ఆమెకు అలా గొణుక్కునే అలవాటు.

*

ఆ పాటని నేను మొదట చూసింది సెలూన్‌లో, అద్దంలో. గడ్డానికి సబ్బు పూసుకుని కూర్చున్నాను. వెనక గోడ మీద టీవీ. "తొక్కెయ్ తొక్కెయ్ ఈడ్చెయ్" అని ఆ దుమ్ముమొహం కుర్రాడు పాడుతున్నాడు. వెనకాల ఆడామగా వరసగా నిలబడి, రెండడుగులు తొక్కి, కుడికాలు ఈడ్చి, వంగి లేచి, భుజం మీదుగా చెయ్యి విసురుతున్నారు. ఎక్కడో చూసినట్టుందే అనిపించింది. తల తిప్పి నేరుగా చూశాను. అద్దంలో కుడికాలు. తల తిప్పితే ఎడమకాలు.

"కదలొద్దన్నా, తెగుద్ది," అన్నాడు మంగలి.

తెగితే తెగిందిలే అనిపించింది. అంతమంది, ఒక్కొక్కరికీ రెండేసి మంచి కాళ్ళున్నవాళ్ళు, మా అక్క తుంటిని వేసుకుని నవ్వుతూ ఎగురుతున్నారు.

ఇంట్లో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది కూడా. మా పిల్ల వాళ్ళమ్మ ఫోనులో చూపించేసింది. నేను వెళ్ళేసరికి అక్క పీట మీద కూర్చుని చూస్తోంది. అయిపోయాక మళ్ళీ పెట్టమంది. మళ్ళీ చూసింది.

"మడమ తిప్పలేదు," అంది. తర్వాత, "విసరడం ఉంది గానీ తియ్యడం లేదు. చేతిలో రాయి లేకుండా ఏం విసురుతున్నట్టు?"

మా ఆవిడ ఫోను ఆపేసింది.

"నేను నేర్పిందంతా వదిలేశాడురా తమ్ముడూ. నేర్పనిది పట్టుకుపోయాడు."

అంతే అంది. లేచి పెరట్లోకి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుని, కాలు ఈడ్చిన చప్పుడు కాకుండా నడవబోవడం చూశాను. ఇన్నాళ్ళలో ఆమె ఆ పని చెయ్యగా నేను చూడలేదు.

ఆ తర్వాత ఇక ఎక్కడ చూసినా అదే పాట. ఒక్కటై ఊరుకుంటే వినేసి మరిచిపోదుము. దానికి పిల్లలు పుట్టాయి. పెళ్ళి బ్యాండువాళ్ళు వాయించారు. ఎవరో అమ్మాయి వయొలిన్ పెట్టి ఏడుపుగొట్టుగా పాడింది. పాలుతాగే పిల్లల గొంతుతో ఒకటి వచ్చింది. ఎన్నికల్లో నిలబడినాయన "వాళ్ళని తొక్కెయ్, వాళ్ళని ఈడ్చెయ్" అని మాటలు మార్చి వ్యాన్లకు కట్టించాడు. సబ్బులవాళ్ళు, బూట్లవాళ్ళు, బ్యాంకులో కౌంటరు వెనక కూర్చునేవాళ్ళు, అందరూ తలా ఒకటి చేశారు. ఒకరిని మించి ఒకరు చెయ్యాలి కాబట్టి ఈడ్పు నానాటికీ ముదిరింది. మొదట తీసినవాడు జానెడు ఈడిస్తే, వెనకొచ్చినవాడు గజమీడ్చాడు. చివరికి మా అక్క తుంటికి కట్టుకట్టి, ఇంతకన్నా బాగవ్వదని ఇంటికి పంపేసిన ఎముకల ఆసుపత్రిలో కూడా, తెల్లకోట్లవాళ్ళు అదే వరండాలో వరసగా నిలబడి ఈడ్చుకుంటూ వచ్చారు. మా ఆవిడ అది చూసి ఫోను మంచం మీదికి విసిరికొట్టింది.

వీధిలో సంగతి చెప్పక్కర్లేదు. అక్క బట్టీకి బయల్దేరితే వెనకాల ఎవడో ఒకడు పాట అందుకునేవాడు. నేను తిరిగి చూస్తే ఆకాశంలోకి చూసేవాడు. ఒకణ్ణి కాలర్ పట్టుకున్నాను కూడా.

"నిన్నేమన్నాను మావా? పాట పాడుకోకూడదా?" అన్నాడు.

నిజమే. పాట పాడుకోవడం తప్పని ఎక్కడ రాసుంది? వదిలేశాను. ఆ వదిలెయ్యడం మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

*

బట్టీ యజమానిని మేం అయ్యగారంటాం. ఆయనకి ఆ పాట పండగైంది. రోడ్డు మీద పెద్ద బోర్డు పెట్టించాడు: ఒక ఆడమనిషి నల్లటి నీడ, చెయ్యి భుజం మీదుగా వెనక్కి, కాలు ఈడ్చుకుంటూ. కింద "ఈడ్పు ఇటుకలు". అంతటితో ఊరుకోలేదు. ఇటుక మీద పేరు పడటానికి అచ్చు అడుగున ఒక చెక్క బిళ్ళ కొట్టి ఉంటుంది. అందరి అచ్చుల్లోనూ పాత బిళ్ళ పీకించి, ఆ బొమ్మ చెక్కిన బిళ్ళ కొట్టించాడు.

అక్క తొక్కిన మట్టి నా దగ్గరికి వచ్చేది. ముద్ద తీసి అచ్చులో కొట్టి, పైన నున్నగా గీసి, తిరగేసి ఎత్తితే, ప్రతి ఇటుక మీదా మా అక్క. ఎండకి ఆరబెట్టిన వరసల మధ్య నడుస్తుంటే అటూ ఇటూ నేలంతా ఆమే, కుంటుతూ. పళ్ళు నూరుకుంటూ పోశాను. నూరి నూరి దవడ నొప్పెట్టేది.

"బాగా పడుతోందా బొమ్మ?" అని అడిగేవాడు అయ్యగారు, కుర్చీలోంచే.

"పడుతోందయ్యా."

"మీ అక్క అదృష్టవంతురాలయ్యా."

మా పిల్ల బడి వార్షికోత్సవం ఆ రోజుల్లోనే వచ్చింది. క్లాసంతా కలిసి ఆ పాటకే డాన్సు. మా పిల్ల నడుమన. పిల్ల పెరట్లో అటునుంచి ఇటు కాలు ఈడుస్తూ సాధన చేస్తుంటే నేను ఉగ్గబట్టుకోలేక చెయ్యెత్తాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"దాన్నేమనకు. దానికేం తెలుసు?"

నిజంగానే దానికి తెలీదు. దానికి ఊహ తెలిసినప్పట్నుంచి చూస్తున్న నడక అది. వాళ్ళత్త నడక దానికి కుంటుడు కాదు, నడకే. పాటలో ఉన్నది వేరే ఏదో డాన్సు.

"అత్తా, సరిగ్గా చేస్తున్నానా?"

"మరీ ఈడుస్తున్నావే. చెప్పు అరిగిపోద్ది," అంది అక్క.

"నువ్వు వస్తావుగా? నేనే నడుమ."

"నువ్వు నడుమైతే రాకుండా ఎలా?"

వెళ్ళాం. హాలు నిండా కుర్చీలు, మధ్యన నడవడానికి దారి. మేం చివరి వరసలో కూర్చున్నాం. పిల్లలు మట్టిరంగు గుడ్డలు కట్టుకుని వచ్చారు, చేశారు, అందరూ ఈలలు వేశారు. అప్పుడు పెద్ద పంతులమ్మ మైకు అందుకుంది. ఆవిడ చెడ్డది కాదు. మంచి చేస్తున్నాననే అనుకుంది.

"ఈ అడుగు ఎక్కడ పుట్టిందో మీలో ఎంతమందికి తెలుసు? మన ఊళ్ళోనే. ఆ అమ్మ మన మధ్యే ఉంది. ఒకసారి వేదిక మీదికి రావాలమ్మా."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. నేను లేవబోయాను. "నువ్వు కూచో," అని అక్క తనే లేచింది. దారిలోకి వచ్చి నడవడం మొదలుపెట్టింది.

స్పీకరు దగ్గరున్నవాడు పాట పెట్టాడు. ఆమె కుడికాలు వేసి ఎడమకాలు ఈడ్చగానే, ఎక్కడో ముందు వరసలో ఎవరో తాళం వేశారు. తర్వాత పక్కవాళ్ళు. కాసేపటికి హాలంతా. ఆమె అడుగు వేస్తే చప్పట్లు, ఈడిస్తే చప్పట్లు. డాన్సు చేస్తోందనుకున్నారో, ఏమనుకున్నారో. ఎవరి మొహంలోనూ చెడ్డతనం లేదు. నాకు అందుకే ఇంకా ఒళ్ళు మండింది. చెడ్డవాళ్ళయితే తన్నడానికి ఒక వీపు దొరికేది.

అక్క ఆగింది.

చప్పట్లు ఒక దెబ్బ ఎక్కువ పడి ఆగాయి. ఆమె మళ్ళీ అడుగేసింది. మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి కొన్నే. మళ్ళీ ఆగింది. ఎవరినీ చూడలేదు. పొలం గట్టున వాన వెలిసేదాకా నిలబడ్డ మనిషిలాగా నిలబడింది. అలా అడుగుకొకసారి ఆగుతూ, ఒక్క చెయ్యి కూడా లేవకుండా అయ్యేదాకా ఆగి, ఆ తర్వాత మిగతా దారి నడిచింది. పాట కూడా ఎవరో ఆపేశారు. సిమెంటు నేల మీద ఆమె కాలు ఈడ్చుకొచ్చే చప్పుడు ఒక్కటే వినిపించింది.

వేదిక దగ్గర పంతులమ్మ మైకు అందించింది. అక్క తీసుకోలేదు. పిల్ల వంక చూసింది. "పదవే. ఇంటికెళదాం," అంది.

ముగ్గురం నడుస్తున్నాం. సగం దూరం వచ్చాక పిల్ల అడిగింది.

"అత్తా, అది నీ నడకా?"

"నాదే."

"మరి నాకు చెప్పలేదే?"

"నీకు నడుమ చోటు దొరికింది కదే," అంది అక్క.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరు పాట పెట్టినా పిల్ల లేచి బయటికి పోతుంది. ఏ పాటైనా సరే.

*

ఎండలు దిగేముందు డాన్సు మాస్టరు మళ్ళీ వచ్చాడు. కార్లు, కెమెరాలు. ఆ పాటకి కొనసాగింపుగా ఇంకో పాట చేస్తున్నారట. అయ్యగారు కొత్త చొక్కా వేసుకుని గుంట దగ్గర కుర్చీ వేయించుకున్నాడు.

"అమ్మా, నేనే. గుర్తున్నానా?" అన్నాడు మాస్టరు. అదే మర్యాద. "పాట అందరూ చేసేశారు గానీ ఒక్కరికీ సరిగ్గా రాలేదు. ఈసారి అసలుది మీ చేతే చేయిద్దామని."

అక్క గుంటలోనే నిలబడి ఉంది, మోకాళ్ళదాకా మట్టి. "దిగు బాబూ. పోయినసారి రాయి దగ్గర ఆగాం."

"అది కాదమ్మా. ఆ ఈడ్చేది."

"అదా," అంది. "అది నేను నేర్పింది కాదుగా."

"అదే కావాలమ్మా నాకు."

"మాస్టరుగారు అంతగా అడుగుతున్నారు, చూపించమ్మా," అన్నాడు అయ్యగారు. "మన బట్టీకి పేరు."

అక్క చేతికంటిన మట్టి నెమ్మదిగా గీసుకుంది. కెమెరా తిరుగుతోంది.

"చూపిస్తే రాదు బాబూ. దానికి ముందు ఎక్కుడుపలక విరగాలి."

ఆయన నవ్వు మొహంతోనే, "ఏ పలకమ్మా?" అన్నాడు.

"అదుగో, బట్టీకి ఆనించారే, అట్లాంటిది. దాని నడుమ నెర్రె ఉందని మా తమ్ముడు అయ్యగారికి చెప్పాడు. ఈ ఒక్క ఆవం ఇటుకలు కాలేదాకా లాగించండి అన్నారు అయ్యగారు. కాబట్టి పలక అలాంటిది చూసి తెచ్చుకోవాలి. నెత్తి మీద నిండుగా ఇటుకలుండాలి. సగం పైకెక్కాక విరగాలి. నువ్వు కిందపడ్డాక ఇటుకలు వచ్చి నీ మీద పడాలి. తుంటి మీదే పడాలి సుమా, పక్కన పడితే లాభం లేదు. అప్పుడు వస్తుంది నీకా అడుగు. ఇక జన్మలో మర్చిపోవు." వేలు చాచి కుర్చీ వైపు చూపించింది. "అయ్యగారినడుగు, ఇస్తారు. పలకలు ఆయనవే."

గొంతు ఎక్కడా పెరగలేదు. వంట ఎలా చెయ్యాలో చెప్పినట్టు చెప్పింది. మాస్టరు మొహంలో నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది.

"పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా, నలుగురి ముందూ," అన్నాడు అయ్యగారు.

అక్క గట్టు పట్టుకుని గుంటలోంచి పైకి వచ్చి, వెనక్కి తిరిగి, మట్టికాళ్ళతోనే ఇంటిదారి పట్టింది.

నేను ఉలి తెచ్చుకుని నా అచ్చు తిరగేసి కూర్చున్నాను. బొమ్మ బిళ్ళ గట్టిగానే కొట్టారు. రెండు మేకులు ఊడాయి, మూడోది విరిగింది. తర్వాత పోసిన ఇటుకలు నున్నగా వచ్చాయి. కార్లు వెళ్ళిపోయాక అయ్యగారు వచ్చి వంగి చూశాడు.

"ఏంటిది? బొమ్మ పడలేదేం?"

"పీకేశానయ్యా."

ఆయన నా మొహం చూశాడు. నా చేతిలో ఉలి చూశాడు. లెక్కలేవో గుర్తొచ్చినట్టు షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి మేం ఆ బట్టీకి పోలేదు. వాగు అవతల ఇంకో బట్టీ ఉంది. అక్కడా మట్టి మట్టే.

కొత్త పాట తొందరగానే వచ్చింది. పలక సంగతి అందులో లేదు. అక్క మాట ఒక్కటీ లేదు, గొంతు తీసేశారు. చివర్లో మాత్రం ఆడవాళ్ళంతా వరసగా నిలబడి, వేలు చాచి చూపించి, చటుక్కున తిరిగి, కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోతారు. అది కొత్త అడుగు. వారం తిరిగేసరికి వీధిలో అందరూ ఒకరినొకరు వేలుపెట్టి చూపించి తిరిగిపోవడమే.

మా ఆవిడ శాపనార్థాలు పెట్టింది. నేను చేతికందిన చెంబు గోడకేసి కొట్టాను. అక్క సొట్టపడ్డ చెంబు తీసి చూసి, "కోపం కూడా బాగుందట వాళ్ళకి," అంది. "ఇంక దాచుకోవాల్సిందే."

తొలి వాన పడింది. గుంటలు నిండాయి, పని ఆగింది. వానతోపాటు పాట కూడా పోయింది. ఎవరూ తరిమెయ్యలేదు. పాడి పాడి విసుగొచ్చి వదిలేశారు. వీధిలో అక్క నడుస్తుంటే వెనకాల ఎవడూ ఏదీ అందుకోవడం లేదు. మా అక్క కాలు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

ఒక సాయంత్రం వాన తెరిపిచ్చాక ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. పెళ్ళి ఊరేగింపు ఒకటి పోతోంది. బ్యాండువాళ్ళు ఏదో కొత్త పాట వాయిస్తున్నారు. హుషారుగానే ఉంది. ముందు ఎగురుతున్న కుర్రాళ్ళంతా కుడిచెయ్యి గుండెకి ఆనించుకుని, మణికట్టు వంచి, వేళ్ళు కొంకర్లు పోయినట్టు పెట్టి, ఆ చేతిని గడగడా వణికిస్తున్నారు. పిల్లలు చూసి అప్పుడే నేర్చేసుకుంటున్నారు.

అక్క వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసింది.

"ఈసారి ఎవరి చెయ్యో, పాపం," అంది.